చీరకి అయిదు మార్కులు

మొన్న బీఎడ్ సెకండియర్ వాళ్ళకి తలా ఒక కాగితం ముక్క ఇచ్చి, పేరు రాయకుండా ఒకే ఒక్క వాక్యం రాయమన్నాను. "టీచర్ అనే మనిషి అస్సలు చేయకూడని పని ఏమిటి?" అంతే ప్రశ్న. వీళ్ళు అప్పుడే ఇంటర్న్‌షిప్ ముగించుకుని స్కూళ్ళ నుంచి తిరిగొచ్చిన బ్యాచ్. మా సిలబస్ పుస్తకాల్లో వీళ్ళని ఛాత్రోపాధ్యాయులు అంటారు, అది ఎవరికీ నోరు తిరగదు కాబట్టి అందరం ట్రైనీలనే పిలుస్తాం.

కాగితాలు ఇంటికి తెచ్చుకుని, రాత్రి అన్నాలయ్యాక మంచం మీద పరుచుకుని చదివాను. టీ కొట్టు దగ్గర నిలబడి సిగరెట్ కాల్చకూడదు. జీన్స్ వేసుకోకూడదు. ఇన్‌స్టాలో రీల్స్ చేయకూడదు. మందు తాగకూడదు, తాగినా పనిచేసే ఊళ్ళో తాగకూడదు (ఈ రెండో సగం ఎవరు రాశారో చేతిరాత చూడగానే తెలిసిపోయింది, చెప్పను). అప్పులు చేయకూడదు. తోటి టీచర్‌తో ప్రేమ వ్యవహారం నడపకూడదు. సినిమా హాల్లో ఈల వేయకూడదు. జుట్టు విరబోసుకుని బడికి రాకూడదు. పిల్లల్ని కొట్టకూడదు అని రెండో మూడో ఉన్నాయి. అబద్ధం చెప్పకూడదు అని ఒక్కటంటే ఒక్కటి.

మొదట నవ్వొచ్చింది. రెండోసారి చదివితే నవ్వు రాలేదు. దాదాపు అన్నీ నలుగురి కంట్లో పడితే తప్పయ్యే పనులే, తలుపేసుకుని చేస్తే తప్పు కాకుండా పోయేవే. ఇంటర్న్‌షిప్‌లో వారాల తరబడి బడిలో కూర్చుని, పిల్లల మధ్య తిరిగి వచ్చాక కూడా టీచర్ నీతి అంటే వీళ్ళకి తోచింది ఊరి కళ్ళు మాత్రమే. వీళ్ళని అనడానికి నాకు నోరు లేదు లెండి. అలా నేర్పినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ట్రైనీ పాఠం చెబుతుంటే వెనక బెంచీలో కూర్చుని మేం నింపే పరిశీలన పత్రం ఒకటుంది. మా కాలేజీ పత్రంలో మొట్టమొదటి గడి వేషధారణ, ప్రవర్తన. దానికి 5 మార్కులు. అమ్మాయిలకి కాలేజీ యూనిఫాం చీర, మడతలు కుదిరి పిన్ను పెట్టి ఉండాలి. అబ్బాయిలకి టక్, బెల్టు, షూ. ఇవి చూసి మార్కు వేయడానికి నాకు పది సెకన్లు పట్టదు. ప్రవర్తన అన్న మాట పక్కనే ఉన్నా దాన్ని ఎలా చూడాలో ఎవరూ చెప్పలేదు, పాఠం మొదలైన పది సెకన్లలో ఎవరి ప్రవర్తనైనా ఏం తెలుస్తుంది? కాబట్టి చీరకి వేసిన మార్కే ప్రవర్తనకీ సరిపోతుంది. నేను ఇన్నేళ్ళలో ఆ గడిలో 4కి తక్కువ వేసింది ఒక్కసారే, చెప్పులేసుకొచ్చిన ఒక అబ్బాయికి. ఆ అబ్బాయి ఆ రోజు ఆరో తరగతి వాళ్ళకి చెప్పిన పాఠం నాకు ఇప్పటికీ గుర్తుంది, అంత బాగా చెప్పాడు. షూ కొనుక్కోలేదని తర్వాత ఎవరో చెప్పారు.

నైతిక విలువల పేపర్ మాకు లేక కాదు. ఎథిక్స్ మీద యూనిట్లున్నాయి, అందులో గురువు దీపం లాంటివాడు, తాను కరుగుతూ వెలుగునిస్తాడు అనే మోస్తరు వాక్యాలున్నాయి. పరీక్షలో అవి రాస్తే మార్కులొస్తాయి. విద్యాహక్కు చట్టం కూడా సిలబస్‌లో ఉంది, 2009లో చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, సెక్షన్ 17 ప్రకారం పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం నిషేధం, సెక్షన్ 24లో టీచర్ విధులు, సెక్షన్ 28లో ట్యూషన్లు చెప్పకూడదు. వీటిని మా వాళ్ళు నిద్రలో లేపి అడిగినా చెబుతారు, ఎందుకంటే టీచర్ అర్హత పరీక్ష టెట్‌లో బిట్లు వస్తాయి. సెక్షన్ నంబరు తెలిసిన పిల్లే ఇంటర్న్‌షిప్‌లో హెడ్మాస్టర్ గారు చేతికి బెత్తం ఇస్తే "థాంక్యూ సార్" అని తీసుకుంది.

అయితే ఈ పరువు వ్యవహారమంతా ఉత్తి డాబు అని నేను తేల్చేయబోతే క్లాసులో ఒకమ్మాయి ఒప్పుకోలేదు. డిగ్రీ అయ్యాక ఇంట్లో పెళ్ళి చేసేస్తామన్నారట. హైదరాబాద్ వెళ్ళి ఏదైనా ఉద్యోగం చూసుకుంటానంటే వాళ్ళ నాన్న ససేమిరా అన్నాడట, బీఎడ్ అనగానే "సరే, పంతులమ్మ ఉద్యోగమైతే మర్యాదగా ఉంటుంది" అని ఫీజు కట్టాడట. "మేడమ్, మీరు ఆ మర్యాదని ఎగతాళి చేస్తున్నారు, నేను గడప దాటింది దాని మీదే కదా," అంది. నా దగ్గర జవాబు లేదు. ఊరు టీచరమ్మని నిలువెల్లా కొలుస్తుంది నిజమే, కానీ ఆ కొలత పుణ్యాన తెల్లారగట్ల బస్సెక్కే అమ్మాయిల మీద మాట పడకుండా ఉంటుంది. చీర మడతలు ఆ అమ్మాయికి బస్ పాస్ లాంటివి. అవి నలిగితే ఏమవుతుందో ఆమెకి నాకన్నా బాగా తెలుసు. అందుకే ఆ కాగితాల్లో రీల్స్ చేయకూడదు అని రాసింది ఎక్కువ మంది అమ్మాయిలే అయ్యుంటారని నా అనుమానం.

అబ్బాయిల గొడవ వేరు. వాళ్ళ పరువుకి ముందు జీతం కావాలి. ఏపీలో ప్రభుత్వ టీచర్లని తీసుకునే డీఎస్సీ పరీక్ష 2018 తర్వాత మళ్ళీ 2025లోనే జరిగింది, 16,347 పోస్టులకి. ఆ మధ్యలో 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రైమరీ టీచర్ పోస్టులకి బీఎడ్ అర్హత కాదని చెప్పేసింది, అంటే ప్రైమరీలో చెప్పే ఎస్జీటీ పోస్టుల దారి మూసుకుపోయింది, మిగిలింది హైస్కూల్లో చెప్పే స్కూల్ అసిస్టెంట్ పోస్టులే. కాబట్టి బీఎడ్ పూర్తి చేసిన చాలామందికి మొదటి బడి ఏదో ఒక ప్రైవేట్ స్కూలే అవుతుంది. నేనూ ఒక ప్రైవేట్ స్కూల్లో తొమ్మిదేళ్ళు చేసి వచ్చినదాన్ని. చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. మధ్యలో మానేస్తే ఇవ్వరు. మే నెలలో అందరికీ సెలవులు, మాకు కాన్వాసింగ్. నెత్తి మాడే ఎండలో ఇద్దరిద్దరం కరపత్రాలు పట్టుకుని వీధి వీధీ తిరగాలి, ఒక్కొక్కరికీ ఇన్ని అడ్మిషన్లని టార్గెట్, అది దాటకపోతే ఆ నెల జీతం ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. మా స్కూల్లో కంప్యూటర్ ల్యాబ్ ఉందని నేను ఎన్ని గుమ్మాల్లో చెప్పానో. రెండు కంప్యూటర్లుండేవి, ఒకటి ఆఫీసులో, ఇంకొకటి పాడైపోయి.

ఈ సంగతి క్లాసులో చెబితే వెనక నుంచి ఒకడు లేచి, "మేడమ్, కాన్వాసింగ్‌లో అబద్ధాలు ఎథిక్స్‌లో ఎన్నో యూనిట్ కిందకి వస్తాయి?" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను గానీ, ఇంటికి వెళ్ళేదాకా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. వాడు వెటకారానికి అడగలేదేమో. మేం చెప్పే నీతి అంతా మనిషి ఒళ్ళు, బట్ట, అలవాట్ల చుట్టూ తిరుగుతుంది. ఉద్యోగంలో యజమాని చేయించే తప్పు పని గురించి ఒక్క ముక్క ఉండదు.

బతకలేక బడిపంతులు అనే సామెతనీ, గురుబ్రహ్మ శ్లోకాన్నీ ఒకే నోటితో అనగలిగిన జాతి మనది. పాతకాలంలో దసరాకి అయ్యవారు పిల్లల చేతికి విల్లంబులిచ్చి, వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగేవారు, ఇంటివాళ్ళు అయ్యవారికి డబ్బులు, పిల్లలకి పప్పుబెల్లాలు పెట్టేవారు. దాన్ని ఇప్పుడు చాలామంది మురిపెంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అందులో జీతం సరిగా లేని మనిషి ఏడాదికోసారి శిష్యుల్ని ముందు పెట్టుకుని చేయి చాచడమే కనిపిస్తుంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. జీతం ఇవ్వలేని చోట దండం పెట్టడం మనకి అలవాటు. సెప్టెంబర్ 5న శాలువా కప్పుతాం, ఆరో తేదీన ఇంకేదో పని అప్పజెబుతాం. 2020 మే నెలలో లాక్‌డౌన్ సడలించి మద్యం దుకాణాలు తెరిచినప్పుడు విశాఖపట్నం జిల్లాలో కొన్నిచోట్ల ఆ దుకాణాల ముందు క్యూలు చూసుకునే డ్యూటీ ఎవరికి వేశారో గుర్తుందా? టీచర్లకే. మందు షాపు దగ్గర కనబడితే పరువు పోతుందని మనం రెండేళ్ళు నేర్పించిన మనుషులకి! ఆ తర్వాత బడి మరుగుదొడ్లకి ఫోటోలు తీసి యాప్‌లో పెట్టే పనీ వాళ్ళ నెత్తినే పడింది. తెలంగాణలో 2024 నవంబర్‌లో ఇంటింటి కుటుంబ సర్వే కోసం ప్రైమరీ బడులు ఒంటిపూట చేసి టీచర్లని వీధుల్లోకి పంపారు. ఎన్నికలు, జనాభా లెక్కలు, విపత్తు సాయం తప్ప వేరే పనులు చెప్పకూడదని చట్టంలో సెక్షన్ 27 ఉంది మరి.

సరే, పక్కదారి పట్టాను. ఇంటర్న్‌షిప్ సంగతి చెప్పాలి.

ఒక ప్రభుత్వ బడిలో మా ట్రైనీ ఒకమ్మాయికి జరిగింది ఇది. ఇలాంటి చోట ట్రైనీలకి పడే మొదటి పని ఫోన్ పని, కుర్రవాళ్ళు కదా, యాప్‌లు త్వరగా కొడతారని. పదకొండింటి వేళ అక్కడి టీచర్ ఫోన్ చేతిలో పెట్టి, "అమ్మా, మధ్యాహ్న భోజనం లెక్క ఎంటర్ చేసెయ్యి," అన్నారు. ఈ పిల్ల వరండాలో తిరిగి లెక్కపెట్టుకుని వచ్చింది. 31 మంది. 31 కొట్టబోతుంటే ఆయన పుస్తకంలోంచి తల ఎత్తకుండానే "నలభై ఆరు" అన్నారు. తప్పుగా విన్నానేమో అనుకుని మళ్ళీ "ముప్పై ఒకటి సార్" అంది. "నలభై ఆరమ్మా" అన్నారు, కోపం లేకుండా, పాఠంలో అంకె సరిదిద్దినట్టు.

ఇక్కడిదాకా వింటే అందరం ఆయన్ని దొంగ అనేస్తాం, ఈ పిల్లా అదే అనుకుంది. మధ్యాహ్నం వంటావిడ అంట్లు తోముతూ తనే చెప్పిందట, మూడు నెలలుగా బిల్లులు రాలేదు, కిరాణా కొట్టువాడు అప్పివ్వడం మానేశాడు, గ్యాస్ బండ సొంత డబ్బులతో తెస్తున్నాను, సారు మంచాయన కాబట్టి నాలుగు తలలు ఎక్కువ రాస్తున్నారు, లేకపోతే ఎప్పుడో మానేసేదాన్ని అని. ఆ రోజు వండింది 31 మందికి, కూర చిక్కగానే ఉంది, గుడ్లు 31. మిగిలిన పదిహేను తలలు యాప్‌లో భోంచేశాయి.

ఆ పిల్ల 46 కొట్టింది. కొట్టి, సాయంత్రం నాకు ఫోన్ చేసింది. "మేడమ్, నేను చేసింది తప్పేనా?" అని అడగలేదు. తప్పని ఆమెకి తెలుసు. "మేడమ్, 31 అని కొట్టి ఉంటే ఏమయ్యేది?" అని అడిగింది. నేను వెంటనే ఏం చెప్పానంటే, "నువ్వు ట్రైనీవి, నీకెందుకు, రికార్డులు రాసుకో." ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది. ఒక టీచర్‌కి రావాల్సిన అసలైన నైతిక ప్రశ్న అది, అంత శుభ్రంగా, అంత సూటిగా వచ్చింది, నేను దాన్ని మూత పెట్టి పక్కన పెట్టేశాను. ఆ ఊళ్ళో టీ కొట్టు దగ్గర ఆమె నిలబడి ఉందని ఎవరైనా ఫిర్యాదు చేసి ఉంటే మాత్రం మర్నాడే స్టాఫ్ మీటింగ్ పెట్టేవాళ్ళం.

ఇంకో అబ్బాయి డైరీలో ఒక వాక్యం చదివాను. ఇంటర్న్‌షిప్‌లో రోజూ ప్రతిఫలన డైరీ రాయాలి, చాలామంది ఈ రోజు చాలా సంతోషంగా గడిచింది అని నింపేస్తారు. వీడు ఇలా రాశాడు: "తరగతి గది ఊడవడానికి చీపురు రోజూ అదే ముగ్గురికి ఇస్తున్నారు." ఆ ముగ్గురూ ఎవరో రాయలేదు, రాయక్కర్లేదు, మన ఊళ్ళలో పుట్టిన ఎవరికైనా అర్థమవుతుంది. రెండు వారాల తర్వాత అదే డైరీలో, ఆ చివర పేజీలో, చిన్న అక్షరాలతో: "ఈ రోజు నేనే ఊడ్చాను. రేపు వంతులవారీగా పట్టిక వేద్దామంటే సార్ సరే అన్నారు." ఎవరినీ నిలదీయలేదు, ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు. నా పత్రంలో దీనికి గడి లేదు. వాడికి వేషధారణలో 4 పడ్డాయి, టక్ సరిగా లేదని.

అందుకే ట్రైనీలకి విలువలు లేవు, ఈ తరం ఇంతే అనే మాటలు స్టాఫ్ రూములో వింటే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళకి ముక్కు మాకన్నా బాగా పనిచేస్తోంది. కాకపోతే వాసన వచ్చిన చోట దాన్ని ఏమనాలో మాట లేదు, మాట ఇవ్వాల్సిన మేం చీరల దగ్గర ఆగిపోయాం. కాగితం ముక్క మీద "రీల్స్ చేయకూడదు" అని రాసింది వాళ్ళ అభిప్రాయం కూడా కాకపోవచ్చు, మాకేం కావాలో కనిపెట్టి రాశారు. రెండేళ్ళుగా మా దగ్గర పాసవుతూ వస్తున్నవాళ్ళు కదా.

మా సంగతీ చెప్పుకోవాలి మరి. 2015 నుంచి బీఎడ్ రెండేళ్ళయింది, ఇంటర్న్‌షిప్ 20 వారాలయింది, కాగితం మీద అంతా ఘనంగానే ఉంది. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ వర్మ కమిషన్ 2012లో ఏం చెప్పిందో జాతీయ విద్యా విధానం 2020 మళ్ళీ ఎత్తి రాసింది: విడిగా నడిచే ఉపాధ్యాయ శిక్షణ కాలేజీలు పది వేలకు పైగా ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం శిక్షణ సంగతి పట్టించుకోకుండా డిగ్రీలు అమ్ముకుంటున్నాయి అని. చదివినప్పుడు మా స్టాఫ్‌లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. నాన్ అటెండింగ్ అనే మాట మా లోకంలో అందరికీ తెలుసు. ఫీజు మీద ఇంకొంత కడితే రానక్కర్లేదు, హాజరు పడుతుంది, రికార్డులు బయట రాయించుకోవచ్చు, చార్టులతో సహా రెడీమేడ్‌గా దొరుకుతాయి, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చిన రోజు చీర కట్టుకుని వస్తే చాలు. నేను పనిచేసిన చోట్ల ఇలాంటివాళ్ళ హాజరు పట్టీ మీద సంతకాలు పెట్టాను. ఒకసారి కాదు. జీతం మీద ఇల్లు నడవాలి, ప్రిన్సిపాల్ గారు పట్టీ ముందు పెట్టి పెన్ను మూత కూడా తీసి ఇస్తారు. తిలాపాపం తలా పిడికెడు.

కాబట్టి 31ని 46 చేయడం ఆ పిల్ల ఆ బడిలో కొత్తగా నేర్చుకున్నదేమీ కాదు. ఆమె క్లాసులో కూర్చునేవాళ్ళకీ, పట్టీలో ఉన్నవాళ్ళకీ తేడా ఆమె రెండేళ్ళుగా చూస్తూనే ఉంది. కాకపోతే ఆ బడిలో పెంచిన తలలకి ఒక వంటావిడ ఆకలి కారణం, మా దగ్గర పెంచిన తలలకి రసీదు పుస్తకం కారణం. ఈ రెండూ ఒకటే తప్పా కాదా అన్నదే ఎథిక్స్ క్లాసులో అడగాల్సిన ప్రశ్న. మేం అడగం, అడిగితే మా దగ్గరే ఆగుతుంది.

కాలేజీ వరండాలో కందుకూరి వీరేశలింగం గారి ఫోటో ఉంది, గోదావరి జిల్లాల్లో ఏ కాలేజీలోనైనా ఉంటుంది. ఆయనా బడి పంతులే, ధవళేశ్వరంలో హెడ్మాస్టరు, తర్వాత రాజమండ్రిలో తెలుగు పండితుడు. 1881 డిసెంబర్ 11న మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు ఊరి పెద్దలు వెలివేశారు, అండగా నిలిచినవాళ్ళలో ఆయన శిష్యులున్నారు. ఆ రోజుల్లో మా పరిశీలన పత్రం ఉండి, నింపమని ఊరి పెద్దల చేతికిస్తే ప్రవర్తన గడిలో ఆయనకి సున్నా వచ్చేది. ఊరు మెచ్చే టీచర్‌కీ మంచి టీచర్‌కీ మధ్య ఎంత దూరం ఉండొచ్చో చెప్పడానికి ఆ ఫోటో చాలు, మేం దానికి జయంతికి దండ వేసి, దాని కిందే నిలబడి అమ్మాయిల పిన్నులు చెక్ చేస్తాం.

ఏం చేయాలి అని అడుగుతారు. నాకు పెద్ద పథకాలేవీ తెలియవు. ప్రమాణాలు, ప్రతిజ్ఞలు వద్దు, అవి ఇప్పటికే ఎక్కువయ్యాయి. ఇంటర్న్‌షిప్ నుంచి వచ్చాక ఒక వారం పాటు రికార్డులు పక్కన పెట్టి ఇలాంటి సంగతులు మాట్లాడుకుంటే బాగుంటుంది: నువ్వు చేయి చేసుకున్న పిల్లాడు మర్నాడు గుడ్ మార్నింగ్ సార్ అంటే నీకేమనిపించింది, నోట్‌బుక్ చూడకుండానే అందరికీ ప్రాజెక్ట్ మార్కులు వేసెయ్యమన్నప్పుడు ఏం చేశావు, చీపురు ఎవరి చేతికిచ్చారు. ఈ బ్యాచ్‌తో రెండు పీరియడ్లు అలా మాట్లాడాను. మొదటి పీరియడ్ అంతా మౌనం. రెండో దాంట్లో గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ఒకమ్మాయి ఏడ్చింది, ఎందుకో చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా.

పత్రం మార్చే అధికారం నాకు లేదు, మార్కులూ అవే, గడులూ అవే. కింద రిమార్క్స్ అని రెండు గీతల చోటు ఉంటుంది, ఇన్నేళ్ళూ గుడ్ అని రాసి వదిలేసేదాన్ని. ఈసారి నుంచి అక్కడ చూసిందేదో రాస్తున్నాను. వెనక కూర్చున్న పిల్లని పేరు పెట్టి పిలిచింది, తెలియని ప్రశ్నకి తెలియదు రేపు చెబుతానంది, తప్పు చెప్పిన అబ్బాయిని చూసి క్లాసు నవ్వితే తను నవ్వలేదు, ఇలాంటివి. మొన్న ప్రిన్సిపాల్ గారు పిలిచి మెత్తగానే చెప్పారు, "మేడమ్, రిమార్క్స్ ఖాళీగా వదిలేయండి, ఎక్స్‌టర్నల్ వచ్చినప్పుడు లేనిపోని ప్రశ్నలొస్తాయి." సరే సార్ అన్నాను. ప్రస్తుతానికి పెన్సిల్‌తో రాస్తున్నాను.